తొలి ప్రసంగమూ సభా మర్యాదా

పార్లమెంటు ఉపన్యాసాన్ని సాహిత్య విమర్శకు తగిన వస్తువుగా మనవాళ్ళు సాధారణంగా భావించరు. నాటకాన్ని విమర్శిస్తాం, బుర్రకథను విమర్శిస్తాం, గోడమీది నినాదంలో ఛందస్సు ఎక్కడున్నదో కూడా వెతుకుతాం. చట్టసభలో ఒక మనిషి లేచి నిలబడి మాట్లాడిన మాటను మాత్రం రాజకీయ వ్యాఖ్యాతలకు వదిలేశాం. వారికి కావలసింది ఆ మాట వల్ల ఏ పార్టీకి ఎన్ని వోట్లు కలిసివస్తాయన్న లెక్క. ఆ మాటను ఎట్లా కట్టారు, ఎవరి ముఖం చూసి అన్నారు, విన్నవాళ్ళు విని ఏం చేశారు అన్న ప్రశ్నలు వారికి పట్టవు. అవి విమర్శకుడు వెయ్యవలసిన ప్రశ్నలు.

ఇప్పుడీ పని చెయ్యక తప్పదని నాకు అనిపించడానికి కారణం ఉన్నది. ప్రతిపక్షాల్లోని యువ సభ్యుల ప్రసంగాలు ఈ పదేళ్ళలో మన కాలేజీ విద్యార్థుల చేతి ఫోన్లలోకి వచ్చిపడ్డాయి. స్కాట్లండు యువతి లండన్‌లో మాట్లాడితే మనవాళ్ళు కర్నూలులో విన్నారు. న్యూజిలాండు యువతి బిల్లు కాగితం చింపితే ఖమ్మంలో చూశారు. దీన్ని గురించి మన మిత్రుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. అదంతా బూర్జువా పార్లమెంటు వేడుక, పెద్దమనుషుల సభలో ఒక పడుచుపిల్ల చేత నాలుగు ఘాటు మాటలు అనిపించి 'చూశారా మా ప్రజాస్వామ్యం ఎంత గొప్పదో' అని చాటుకోవడమే దాని ప్రయోజనం అని కొందరంటారు. కాదు, ఈ కాలపు పోరాట సాహిత్యం ఇదే, ఇందులో ధైర్యమే శిల్పం అని మరికొందరంటారు. మొదటివారు వినకుండానే తీర్పు చెపుతున్నారు. రెండవవారు వింటున్నారు గాని చివరిదాకా వినడంలేదు. అరనిమిషం ముక్క చూసి, ఒళ్ళు గగుర్పొడిచిందని చెప్పి, ఊరుకుంటున్నారు.

ఈ కోవకు చెందిన ప్రసంగాల్లో నా దృష్టిలో మొదట చదవవలసింది బెర్నడెట్ డెవ్లిన్ 1969 ఏప్రిల్ 22న బ్రిటిష్ కామన్స్ సభలో చేసినది. మరునాటికి ఆమెకు ఇరవైరెండేళ్ళు నిండుతాయి. సభలో అడుగుపెట్టినది ఆ రోజే. ఆ ప్రసంగం అర్థం కావాలంటే ఉత్తర ఐర్లండు సంగతి కొంత తెలియాలి. విద్యార్థులు ఈ కొంత భాగాన్ని దాటవెయ్యవద్దని కోరుతున్నాను. ప్రసంగంలోని బలమంతా ఇక్కడినుంచే వచ్చింది.

1921లో ఐర్లండును చీల్చినప్పుడు ఆరు జిల్లాలు బ్రిటన్ కింద ఉండిపోయాయి. వాటికి స్టార్మంట్ అనేచోట ఒక చిన్న పార్లమెంటు పెట్టారు. ప్రొటెస్టంటు భూస్వాముల, మిల్లు యజమానుల పార్టీ అయిన యూనియనిస్టు పార్టీ అక్కడ అర్ధశతాబ్దం పాటు అధికారం వదలలేదు. స్థానిక ఎన్నికల్లో అందరికీ వోటు లేదు. ఇంటిపన్ను కట్టే గృహస్థుకూ అతని భార్యకూ మాత్రమే వోటు. అదే ఇంట్లో ఉండే పెళ్ళయిన కొడుక్కీ కోడలికీ లేదు. వ్యాపార కంపెనీలకు మాత్రం ఒక్కొక్కదానికి ఆరు వోట్లదాకా ఉండేవి. కనుక మునిసిపాలిటీ ఇల్లు ఎవరికి కేటాయిస్తే వారికి వోటు కేటాయించినట్లే. ఇల్లు ఇవ్వకపోవడం చలికి వదిలెయ్యడం మాత్రమే కాదు, పౌరసత్వంలో సగం కోసెయ్యడం. డెరీ పట్టణంలో కాథలిక్కులే అధికసంఖ్యాకులు. అయినా వార్డుల గీతలు గీసిన తీరు వల్ల కార్పొరేషన్లో యూనియనిస్టులు పన్నెండుమంది, ఎదుటివారు ఎనిమిదిమంది! ఇదంతా లండన్ పార్లమెంటుకు తెలియదా? తెలుసు. కాని స్టార్మంటుకు అప్పగించిన విషయాలను కామన్స్ సభలో చర్చించరాదని 1923లోనే ఒక సంప్రదాయం ఏర్పరచుకున్నారు. సభా మర్యాద అన్న మాటకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానం నాకెక్కడా దొరకలేదు.

1968 అక్టోబరు 5న డెరీలో పౌరహక్కుల ఊరేగింపును పోలీసులు లాఠీలతో చితకబాదారు. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న డెవ్లిన్ ఈ ఉద్యమంలోనే తయారయింది. తండ్రి వడ్రంగి, ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా ఉండగా పోయాడు. మిడ్ అల్స్టర్ ఉపఎన్నికలో అభిప్రాయభేదాలున్న ప్రతిపక్ష వర్గాలన్నీ చివరికి ఆమెను ఉమ్మడి అభ్యర్థిగా నిలబెట్టాయి. నూటికి తొంభైమందికి పైగా వోటు వేశారు. ఆమెకు 33,648 వోట్లు, చనిపోయిన సభ్యుడి భార్య అయిన యూనియనిస్టు అభ్యర్థినికి 29,437. ఐరిష్ జాతీయవాదుల్లో గెలిచి కూడా లండన్ సభకు పోకుండా ఉండే సంప్రదాయం చాలా పాతది, గౌరవనీయమైనది. డెవ్లిన్ పోతానని ముందే చెప్పి వోట్లడిగింది.

తొలి ప్రసంగానికి కామన్స్ సభలో కొన్ని పద్ధతులున్నాయి. కొత్త సభ్యుడు వివాదాస్పదమైన సంగతులు ఎత్తరాదు. తన నియోజకవర్గపు కొండలనూ ఏళ్ళనూ వర్ణించాలి. తనకు ముందున్న సభ్యుణ్ణి రెండు ముక్కలు పొగడాలి. అందుకు ప్రతిఫలంగా సభ అతన్ని మధ్యలో అడ్డుకోదు, తర్వాత మాట్లాడేవాడు అభినందిస్తాడు. పెళ్ళివారి విడిదిలో కొత్త అల్లుడి మర్యాదలాంటిది. డెవ్లిన్ మొదటి వాక్యంలోనే ఈ సంప్రదాయం తనకు తెలుసుననీ, వచ్చిన రోజునే వివాదాంశం మీద మాట్లాడుతూ దాన్ని తోసిపుచ్చుతున్నాననీ, తన ప్రజల స్థితి అటువంటిదనీ చెప్పింది. ఇక్కడ గమనించవలసినది ధిక్కారం కాదు. ధిక్కారం ఎవరైనా చెయ్యగలరు. మర్యాద తెలియక తప్పిన మనిషి కాదు, తెలిసి తప్పుతున్న మనిషి అని సభకు అర్థమయ్యేట్టు చెయ్యడం గమనించాలి. 'పల్లెటూరి పిల్ల, పద్ధతులు తెలియవు, పోనీలే' అని క్షమించే అవకాశం ఆమె వాళ్ళకివ్వలేదు. క్షమాపణ కూడా ఒక విధంగా నోరు మూయించడమే గదా.

ఆమెకు ముందు మాట్లాడినది లండన్‌డెరీ సభ్యుడు చిచెస్టర్-క్లార్క్. పెద్ద భూస్వామి కుటుంబం. కొద్దిరోజుల్లో, మే 1న, ఇతని అన్నగారే ఉత్తర ఐర్లండు ప్రధాని అయ్యాడు. ఐరిష్ వాళ్ళను అర్థం చేసుకునే ఇంగ్లీషువాడు ఇంకా పుట్టలేదని ఇతను సభలో అన్నాడు. డెవ్లిన్ ఆ మాటనే అందుకున్నది. శ్రమజీవులైన ఐరిష్ ప్రజలకు పరాయివాడైనవాడెవడూ వాళ్ళను అర్థం చేసుకోలేడనీ, కనుక గౌరవసభ్యులకు కూడా అర్థం కాలేదనీ తేల్చింది. చూడండి, ఒక్క విసురుతో 'జాతి' అన్న మాట తీసి అక్కడ 'వర్గం' అన్న మాట పెట్టింది! తన ప్రజలంటే కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ కూడానని, అణగారిన వాళ్ళంతా తన ప్రజలేనని అన్నది. మతం పేరుతో రెండు ముక్కలైన నేల మీదినుంచి వచ్చిన మనిషి ఇంగ్లండు పాలకవర్గం నడిబొడ్డులో నిలబడి ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. రెండవ చార్లెస్ రాజు కాలపు శాసనాలు పట్టుకుని చేపలు పట్టే హక్కును కూడా తమ చేతుల్లో ఉంచుకున్న భూస్వాముల సమాజం అది అని కూడా చెప్పింది. నదిలో చేప పట్టుకోవడానికి పదిహేడవ శతాబ్దపు రాజుగారి అనుమతి! ఇటువంటి వివరం వంద 'దోపిడీ' శబ్దాల పెట్టు.

డెరీలో అల్లరికి కారణం మీరేనన్న ఆరోపణకు ఆమె ఇచ్చిన జవాబు మరీ విచిత్రంగా ఉంటుంది. సాధారణంగా ప్రతిపక్షంవాళ్ళు ఇటువంటి చోట నీళ్ళు నములుతారు. హింసను ఖండిస్తున్నాం గాని, అంటూ మొదలుపెడతారు. ఆమె మాత్రం ఆ పేటలో జనాన్ని కూడగట్టినది తానేననీ, ఒక్క రాయి కూడా కోపంతో వృథా కాకుండా చూశాననీ ఒప్పుకున్నది. నవ్వు పుట్టించే వాక్యమే. కాని అందులో ఇల్లాలి పొదుపు ఉన్నది, పేదవాడి యుద్ధశాస్త్రం ఉన్నది. సభలో కూర్చున్నవాళ్ళు ఎన్ని యుద్ధాలు చూసినా ఇటువంటి లెక్క విని ఉండరు.

చివరి భాగం గురించి విమర్శకులు వాదులాడుకోవాలి. ఆమె అక్కడ పరిష్కారమార్గాలను ఒక్కొక్కటే ఎత్తుకుని పక్కన పెడుతుంది. సైన్యాన్ని పంపుతారా? అక్కడికి పంపబడే సైనికుడి తల్లినో అక్కనో కావాలని తాను కోరుకోనన్నది. స్టార్మంటును రద్దుచేసి లండన్ నుంచే పాలిస్తారా? అప్పుడు స్వపరిపాలన వద్దని ఒకనాడు గగ్గోలు పెట్టినవాళ్ళే స్వపరిపాలన కావాలని గగ్గోలు పెడతారన్నది. ఇట్లా ఒక్కొక్క తలుపూ మూసింది. ఇక మీ సంగతి లండన్ చూసుకుంటుందని తన వాళ్ళతో తాను చెప్పలేనని కూడా ఆ ప్రసంగంలో అన్నది. ఇది నిరాశావాదమనీ, కార్యక్రమం చూపని ప్రసంగం అసంపూర్ణమనీ అనవచ్చు. నేను ఒప్పుకోను. కార్యక్రమం చెప్పవలసిన చోటు వేరు. అది ఆమె ప్రజల దగ్గర. ఈ సభకు చెప్పవలసినది, మీ చేతిలో ఏమీ మిగలలేదన్న సంగతి. తర్వాత చరిత్ర ఎట్లా నడిచిందో చూస్తే ఆమె మాట ఎంత లెక్కగా ఉన్నదో తెలుస్తుంది. 1969 ఆగస్టు 14న సైన్యం దిగింది. 1972 మార్చిలో స్టార్మంటును పక్కనపెట్టి లండన్ పాలన మొదలుపెట్టింది. ఇరువైపులా తల్లుల సంగతి చెప్పనక్కరలేదు.

లోపం లేదా అంటే ఉన్నది, అది పెద్దదే. కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ అంతా నా ప్రజలే అన్నప్పుడు ఆమె ఒక ఆకాంక్షను వాస్తవంగా చెప్పింది. ఆమెకు వోటు వేసినవారిలో అత్యధికులు కాథలిక్కులే. ప్రొటెస్టంటు కార్మికుడు ఆ మాట విని కదలలేదు. ఎందుకు కదలలేదన్నది ఆ ప్రసంగంలో లేదు. అతనికి దొరుకుతున్న రేవు ఉద్యోగం, మునిసిపాలిటీ ఇల్లు, ఆ కొద్దిపాటి మెరుగు అతన్ని యజమానికి ఎట్లా కట్టివేసిందో చెప్పకుండా ఐక్యతను ప్రకటిస్తే ఆ ప్రకటన గాలిలో ఉంటుంది. మనం కూడా కులాల విషయంలో ఇట్లాగే ప్రకటిస్తూ వచ్చాం గనుక ఈ లోపం మనకు సులభంగా కనిపించాలి, కాని సులభంగా కనిపించదు.

సరే, సభ ఏం చేసింది? పొగిడింది. అన్ని పక్షాలవాళ్ళూ పొగిడారు. పత్రికలు ఆమె జుట్టు గురించీ గౌను పొడవు గురించీ రాశాయి. ఒక యూనియనిస్టు సభ్యుడు ఆమెను మినీస్కర్టు వేసుకున్న కాస్ట్రో అన్నాడు. ఆ మాట కాస్ట్రోకన్న స్కర్టు వల్లనే ఎక్కువ ప్రచారంలోకి వచ్చి ఉంటుంది. పాలకవర్గానికి తిట్టు అరిగించుకునే శక్తి అపారం. తమను తిట్టిన మనిషి చిన్నది, అందులో ఆడది అయితే ఇంకా సులువుగా అరుగుతుంది. 'ఎంత బాగా మాట్లాడిందో!' అనడంతో ఏం మాట్లాడిందో చర్చించే బాధ్యత తీరిపోతుంది. మెచ్చుకోలు ఎప్పుడూ ఆమోదం కాదు. ఒక్కొక్కప్పుడు అది సాగనంపే పద్ధతి.

అరిగించుకోలేనిది వచ్చినప్పుడు ఆ సభే ఎట్లా ప్రవర్తించిందో దీని పక్కన పెట్టి చూడాలి. 1969 ఆగస్టులో డెరీలోని బాగ్‌సైడ్ పేట పోలీసులను రానివ్వకుండా అడ్డుకున్నప్పుడు డెవ్లిన్ అడ్డుగోడల దగ్గరే ఉన్నది. అందుకు డిసెంబరులో ఆరునెలల శిక్ష వేశారు. 1970 జూన్‌లో నియోజకవర్గం ఆమెను మళ్ళీ గెలిపించింది. అదే నెలలో జైలుకు పంపారు. 1972 జనవరి 30న డెరీ ఊరేగింపులో బ్రిటిష్ పారాచూట్ సైనికులు నిరాయుధుల మీద కాల్పులు జరిపి ఆ రోజే పదమూడుమందిని చంపారు; గాయపడిన మరొకరు తర్వాత చనిపోయారు. మరునాడు కామన్స్ సభలో హోంమంత్రి మాడ్లింగ్, సైనికులు తమ మీద కాల్పులు జరిగితేనే కాల్చారని ప్రకటించాడు. ఆ సభలో ఉన్నవాళ్ళలో సంఘటనను కళ్ళారా చూసిన మనిషి డెవ్లిన్. ప్రత్యక్షసాక్షిగా తనకు మాట్లాడే హక్కున్నదని ఎన్నిసార్లు లేచినా స్పీకరు అవకాశమివ్వలేదు. అప్పుడామె నడిచిపోయి మంత్రి చెంప మీద కొట్టింది.

ఈ చెంపదెబ్బ మన యువకులకు ప్రసంగం కన్న బాగా తెలుసు. దాన్నే గొప్ప కావ్యంగా వర్ణించినవాళ్ళున్నారు. నేను దాన్ని కావ్యమనను. అది వాక్కు అడ్డగించబడినప్పుడు చెయ్యి చేసిన పని. ఇంకా చెప్పాలంటే, సభ రెండు మర్యాదల్లో ఏది ఎక్కువనుకుంటుందో బయటపెట్టిన పని. మంత్రి అబద్ధం చెప్పడం మర్యాదభంగం కాలేదు. మంత్రి చెంప అదరడం మర్యాదభంగమయింది. కాల్పులు సమర్థనీయం కావని సావిల్ విచారణసంఘం చెప్పి, ప్రధాని కామెరూన్ అదే సభలో క్షమాపణ చెప్పేసరికి 2010 జూన్ 15 వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు! 1969లో అంత శ్రద్ధగా విన్న సభ 1972లో అయిదు నిమిషాలు విని ఉంటే ఈ సంగతి ఆ రోజే రికార్డులో ఉండేది.

ఆమె సొంత ప్రజలు కూడా ఆమెను పూర్తిగా భరించలేదన్న సంగతి దాచడం న్యాయం కాదు. 1971లో పెళ్ళికాకుండా బిడ్డను కన్నందుకు ఆమె మీద కాథలిక్కు సంప్రదాయవాదులు మండిపడ్డారు. పోలీసు లాఠీ ముందు నిలబడిన పిల్లను నెత్తిన పెట్టుకున్న ఊళ్ళే చంకలో బిడ్డను చూసి మొహం తిప్పుకున్నాయి. 1974 ఫిబ్రవరి ఎన్నికలో మితవాద జాతీయవాదులు పోటీకి మరో అభ్యర్థిని నిలబెట్టారు. వోట్లు చీలి ఆమె వోడిపోయింది.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. చట్టసభను వదలివచ్చిన మనవాడు కూడా 1969లోనే వదలివచ్చాడు. తరిమెల నాగిరెడ్డి 1952లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించి మద్రాసు శాసనసభకు పోయినవాడు. తర్వాత లోక్‌సభలోనూ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలోనూ ప్రతిపక్షపు గొంతుగా పనిచేసినవాడు. అన్నీ చూసి, ఈ సభలవల్ల ప్రజలకు ఒరిగేదేమీ లేదని రాజీనామా చేశాడు. డెవ్లిన్ సభను బహిష్కరించే సంప్రదాయాన్ని పగలగొట్టి లోపలికి పోయిన సంవత్సరమే అది. ఈ ఇద్దరిలో ఎవరిది ఒప్పు అని విద్యార్థులు అడుగుతుంటారు. నాకు ఆ ప్రశ్న కన్న మరొకటి ముఖ్యమనిపిస్తుంది: ఇద్దరూ సభలో ఏ సామగ్రితో మాట్లాడారు? నాగిరెడ్డి తర్వాత కోర్టులో ఇచ్చిన వాఙ్మూలమే 'తాకట్టులో భారతదేశం' అయింది. అందులో విదేశీ పెట్టుబడిని గురించిన అంకెలు పేజీలకు పేజీలున్నాయి. సభలో ఉన్నన్నాళ్ళూ బడ్జెట్ కాగితాలు ఒక్కొక్కటే చదివినవాడు గనుకనే సభ బోలుతనం గురించి అతని మాటకు బరువు వచ్చింది. చదవకుండానే బోలు అనేవాళ్ళ మాటకు ఆ బరువు రాదు.

మైరీ బ్లాక్ సంగతికి వస్తాను. 2015 మేలో పైస్లీ నుంచి లేబర్ పార్టీ విదేశాంగ ప్రతినిధి డగ్లస్ అలెగ్జాండర్‌ను ఓడించి గెలిచేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. కాలేజీ ఆఖరి పరీక్ష ఇంకా రాయవలసి ఉన్నది. 2006 చట్టం పోటీకి కనీస వయస్సును ఇరవైఒకటి నుంచి పద్ధెనిమిదికి తగ్గించి ఉండకపోతే నామినేషను కూడా చెల్లేది కాదు. (మన రాజ్యాంగంలో ఇప్పటికీ లోక్‌సభకూ శాసనసభకూ ఇరవై అయిదేళ్ళు నిండాలి, రాజ్యసభకు ముప్ఫై. డెవ్లిన్ గాని బ్లాక్ గాని మన దేశంలో అయితే ఆ వయసుకు గోడమీద పోస్టరు అంటించవచ్చు, అంతే.) 2015 జూలై 14న బడ్జెట్ చర్చలో ఆమె తొలి ప్రసంగం కోటిమందికి పైగా చూశారని పత్రికలు రాశాయి.

మంచి ప్రసంగమే. యువకులకు ఇంటి అద్దె సహాయం ఆపుతామన్న ఆర్థికమంత్రి, ఎంపీ అయిన పాపానికి తన ఒక్కదానికి మాత్రం ఇల్లు చూపించడానికి సిద్ధంగా ఉన్నాడని ఆమె వేసిన చురక ప్రసంగకళ తెలిసినవాళ్ళు మాత్రమే వెయ్యగలిగినది. తన అదృష్టాన్నే తన వర్గానికి జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా నిలబెట్టింది. తిండి మానుకుని బస్సు ఛార్జీ కూడబెట్టుకుని, ఉపాధి కార్యాలయానికి పోతూ సొమ్మసిల్లి, ఆలస్యంగా చేరినందుకు పదమూడు వారాల భత్యం పోగొట్టుకున్న మనిషి కథ కూడా పొల్లుమాట లేకుండా చెప్పింది. కాని ప్రసంగంలో రెండవసగమంతా లేబర్ పార్టీకి పంపిన విన్నపం. రండి, మనం కలిసి ఎదిరిద్దాం అని. జవాబు ఆరు రోజుల్లో వచ్చింది. జూలై 20న సంక్షేమ భత్యాల కోత బిల్లు రెండవ పఠనానికి వచ్చినప్పుడు లేబర్ నాయకత్వం తన సభ్యులను వోటు వెయ్యకుండా కూర్చోమన్నది. బిల్లు 308–124 వోట్లతో గట్టెక్కింది. నాయకత్వం మాట కాదని 48 మంది లేబర్ సభ్యులు వ్యతిరేకంగా వోటు వేశారు. మూడవ బిడ్డకు భత్యం లేదన్న నియమం ఈ చట్టం కిందనే 2017 ఏప్రిల్ నుంచి అమలుకు వచ్చింది.

కోటిమంది చూసిన ప్రసంగానికి చట్టం ఆగలేదు గనుక ప్రసంగం వ్యర్థమని నేననను. ఆ 48 మంది సంగతి చూడండి. మన దేశంలో 1985 నుంచి ఫిరాయింపుల నిషేధ చట్టం ఉన్నది. పార్టీ విప్‌కు వ్యతిరేకంగా వోటు వేసిన సభ్యుణ్ణి పార్టీ పదిహేను రోజుల్లోగా మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. గోడదూకేవాళ్ళను ఆపడానికి తెచ్చిన ఈ చట్టం వల్ల గోడదూకడం ఎంత తగ్గిందో మన రెండు రాష్ట్రాల పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. గుంపుగా దూకితే దారి దొరుకుతుంది. ఒంటరిగా అంతరాత్మ చెప్పినట్టు వోటు వేసినవాడికి దొరకదు. మన యువ సభ్యుడు ఎంత అద్భుతంగా మాట్లాడినా ఎదుటి బల్లమీది ఒక్క మనిషి చెయ్యిని కదిలించలేడు, ఆ చెయ్యి అతనిది కాదు గనుక. మన శాసనసభల్లో ప్రసంగం కేకలుగా మారడానికి సభ్యుల సంస్కారలోపమే కారణమని పెద్దలు వాపోతుంటారు. ఒప్పించడానికి వీలులేనిచోట ఎవరైనా కేకలే వేస్తారు.

బ్లాక్ 2024 ఎన్నికలో పోటీ చెయ్యలేదు. ఆ సభ విషపూరితమైన చోటని చెప్పి తొమ్మిదేళ్ళకే బయటికి వచ్చింది.

ఈ ఇద్దరిదీ ఒంటరి గొంతు. హానా-రావిటీ మైపీ-క్లార్క్ చేసినది వేరే జాతి పని. 2023లో ఇరవైఒకటవ ఏట న్యూజిలాండు పార్లమెంటుకు ఎన్నికయిన మావోరీ యువతి ఈమె. 1840లో మావోరీ పెద్దలకూ బ్రిటిష్ రాణికీ మధ్య జరిగిన వైటాంగీ ఒడంబడికకు కొత్త అర్థాలు చెప్పే బిల్లు 2024 నవంబరు 14న మొదటి పఠనానికి వచ్చినప్పుడు, వోటు చెప్పవలసిన ఘడియలో ఆమె బిల్లు ప్రతిని రెండుగా చింపి 'హాకా' ఎత్తుకున్నది. పక్కనున్న సభ్యులు లేచి కలిశారు, పైన గ్యాలరీలో ప్రేక్షకులు కలిశారు. స్పీకరు సభను ఆపి గ్యాలరీలు ఖాళీ చేయించవలసి వచ్చింది.

మన విమర్శకుల్లో కొందరు దీన్ని ఆవేశమన్నారు. వాళ్ళు బుర్రకథ చూసినవాళ్ళే అయివుంటే ఆ మాట అనరు. కథకుడు ఎత్తుకుంటే వంతలు అందుకోవడం ఆవేశం కాదు, కట్టుదిట్టమైన ప్రక్రియ. హాకాకు పదాలున్నాయి, అడుగులున్నాయి, ఎవరు ఎప్పుడు అందుకోవాలో పద్ధతి ఉన్నది. సభా మర్యాదకు ఎదురుగా ఆమె పెట్టినది మర్యాద లేకపోవడాన్ని కాదు, మరో మర్యాదను, ఆ నేలమీద ఇంకా పాతదాన్ని. అందుకే సభకు అది అంత కష్టమయింది. డెవ్లిన్‌ను పొగిడినట్టు దీన్ని పొగిడి సాగనంపడం కుదరలేదు. 2025 జూన్ 5న ఆమెను ఏడు రోజులూ, ఆమె పార్టీ నాయకులిద్దరినీ చెరి ఇరవై ఒక్క రోజులూ సభనుంచి వెలివేశారు. అంతకుముందు ఆ పార్లమెంటులో అత్యధికంగా మూడు రోజులు. ఎదుటి సభ్యులను బెదిరించినట్టయిందన్నది నేరం.

బిల్లును హాకా ఓడించిందని చెప్పేవాళ్ళు లెక్క సరిగా చెయ్యడంలేదు. దాన్ని మొదటి పఠనందాకా మోసిన పెద్ద పాలకపక్షమే ఆ తర్వాత మద్దతివ్వనని ముందుగా చెప్పింది. కూటమి ఒప్పందం కోసం ఒక మెట్టు ఎక్కించి దింపడానికి ఒప్పుకున్నది. ఇటువంటి అవకాశవాదానికి కాగితం చింపడంకన్న సరైన విమర్శ నాకు తోచడంలేదు. నవంబరు 19న పోలీసుల అంచనా ప్రకారమే నలభైరెండు వేలమంది వెల్లింగ్టన్‌లో పార్లమెంటు ముందుకు నడిచివచ్చారు. సెలెక్టు కమిటీకి మూడు లక్షలకు పైగా విజ్ఞాపనలు వచ్చాయి. వాటిలో నూటికి తొంభై వ్యతిరేకం. 2025 ఏప్రిల్ 10న 112–11 వోట్లతో బిల్లు పడిపోయింది. ఇంత జనం వీధిలోకి వచ్చింది చట్టసభ గోడలు దాటి వినిపించిన ఆ పిలుపు వల్లనే అంటే అతిశయోక్తి. నడక అంతకుముందే ఉత్తరాన మొదలయింది. వీధిలో ఉన్నదాన్ని ఆమె సభలో వినిపించింది, అంతవరకు నిజం.

వక్తృత్వపు పోటీలకు న్యాయనిర్ణేతగా నేను తరచు పోతూ ఉంటాను. ఈమధ్య పిల్లలు ఈ ముక్కలు చూసి వస్తున్నారు. గొంతు పెంచడం వచ్చు, వేలు చూపించడం వచ్చు, సరైన చోట ఆగి చూడటం కూడా వచ్చు. మీ జిల్లాలో హాస్టలు విద్యార్థికి నెలకు మెస్ ఛార్జీ ఎంత ఇస్తున్నారయ్యా అని అడిగితే ఒక్కడికి తెలియదు. అడుగుతున్న విద్యార్థుల్లో సగంమంది ఆ హాస్టలు అన్నం తినే వచ్చారు. పోయినసారి ఒక అమ్మాయి మాత్రం తన ఊళ్ళో చెరువు వేలంపాట ఎట్లా జరుగుతుందో, చేపలు పట్టే కులంవాళ్ళకు ఎంత ముడుతుందో, పాడుకున్న కాంట్రాక్టరుకు ఎంత మిగులుతుందో నట్టుతూ నట్టుతూ చెప్పింది. తక్కిన ఇద్దరు న్యాయనిర్ణేతలూ ఆమెకు హావభావాలు లేవన్నారు. ఆ అమ్మాయికి డెవ్లిన్ పేరు కూడా తెలియదు. నేను పూర్తి మార్కులు వేశాను. బహుమతి మాత్రం రాలేదు.

డెవ్లిన్ 1969లోనే 'ది ప్రైస్ ఆఫ్ మై సోల్' అనే ఆత్మకథ ప్రకటించింది. దాన్ని తెలుగులోకి తేవాలని ఎవరైనా పూనుకుంటే సంతోషిస్తాను. వడ్రంగి ఇల్లు, ఒకే సంఘంలో పేదరికానికున్న మెట్లు, బడిలో చరిత్ర నేర్పిన తీరు అద్భుతంగా ఉంటాయి. ఎన్నిక తర్వాతి పుటలు మాత్రం వేగంగా, పత్రికావార్తల్లా సాగిపోతాయి. ఇరవైరెండేళ్ళ మనిషి రాసిన పుస్తకానికి ఇది సహజం. అనువాదకులు ఒక పని చెయ్యాలి. ఆ పుస్తకం 1969తో ఆగిపోతుంది. జైలు దానిలో లేదు, 1972 జనవరి లేదు. 1981 జనవరిలో సాయుధులు ఆమె ఇంట్లో చొరబడి ఆమెనూ భర్తనూ తుపాకులతో కాల్చడం, ఇద్దరూ బతికి బయటపడటం లేదు. కామన్స్ సభ రికార్డులో 1969 ఏప్రిల్ 22 నాటి ప్రసంగమూ, 1972 జనవరి 31 నాటి అడ్డగింపులూ రెండూ అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉన్నాయి. ఆ రెంటినీ అనుబంధంగా చేర్చాలి.